సుదర్శనం గారు ఇంకా ఇల్లు చేరలేదు

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మా హాల్లో ఒక గొంతు రోజూ అదే మాట చెప్పేది.

"సుదర్శనం గారు ఇంకా ఇల్లు చేరలేదు. గడియ వెయ్యడం లేదు."

సుదర్శనం గారంటే నా భార్య హైమవతి మొదటి భర్త. ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు దాటింది. నేను హైమను పెళ్ళి చేసుకుని, నా కూతురు నందనీ, నా పాత కంప్యూటర్నీ వెంటబెట్టుకుని కాకినాడలో ఆవిడ ఇంట్లో అడుగుపెట్టి ఏడాది అయింది. తన ముందువాడు ఇంకా దారిలోనే ఉన్నాడన్న వార్త రోజూ వింటూ, నిమ్మళంగా ఉప్మా తిన్న మగవాడు ఈ జిల్లాలో నేనొక్కడినే అయ్యుంటాను. కొంచెం కష్టంగానే ఉండేది, లేదనను. కానీ ఉప్మా మాత్రం వదల్లేదు.

ఆ గొంతు హైమ కంప్యూటరుది. ఇంటి కంప్యూటరు అంటే తెలిసిందేగా. మనుషుల అడుగుల చప్పుడు, దగ్గు, గిన్నెల మోత విని ఎవరు ఎవరో నేర్చుకుంటుంది. వచ్చినవాళ్ళకి తలుపు తీస్తుంది, లేచినవాళ్ళకి గీజరు పెడుతుంది. హైమది ఝరి అనే వ్యవస్థ మీద నడుస్తుంది, నాది మేరు అనే వ్యవస్థ మీద. రెండు కాపురాలు ఒకటయ్యాయి కాబట్టి ఇంట్లోకి రెండు పెట్టెలు వచ్చాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అనలేదు. మేరు ఫ్యాను వేస్తే ఝరి ఆపేది. ఝరి దీపం వేస్తే మేరు ఆర్పేది. పైగా ఝరి నన్నూ నందనీ ఇంటివాళ్ళుగా రాసుకోలేదు. "ఇద్దరు అతిథులు ఉన్నారు" అనేది. నేను పరాంకుశం, ఇది నంద అని ఎన్నిసార్లు పేర్లు చెప్పినా, "కొత్త పేర్లు కొత్త రోజు మొదట్లో రాసుకుంటాను" అని ఊరుకునేది. మర్నాడూ అదే జవాబు. యంత్రాలకి మొండితనం ఎక్కువని నవ్వుకుని వదిలేశాను. పాలిటెక్నిక్‌లో పిల్లలకి ఎలక్ట్రానిక్స్ చెప్పేవాణ్ణి, అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

మేరు మాత్రం పాతదైనా పారేసే వస్తువు కాదు. నందకి మూర్ఛ జబ్బు ఉంది. తల్లి నందకి రెండేళ్ళప్పుడే పోయింది. అప్పటినుంచీ మేరు దాని ఊపిరిని, నడకను, స్టీలు గ్లాసు పట్టుకునే తీరును వింటూ పెరిగింది. మూర్ఛ రావడానికి కాసేపు ముందు ఆ చప్పుళ్ళలో ఏదో తేడా వస్తుందట. నా చెవికీ, డాక్టరు చెవికీ అందని తేడా అది. మేరుకి ఎవరూ నేర్పలేదు, తనే పట్టుకుంది. "నందమ్మా, కూర్చో" అనేది. నంద ఎక్కడున్నా అక్కడే కూర్చుని, తర్వాత మెల్లగా పక్కకి ఒరిగేది. తొమ్మిదేళ్ళు వచ్చినా ఒంటి మీద ఒక్క దెబ్బ లేకుండా పెరిగిందంటే ఆ ఒక్క మాట వల్లనే.

ఆ మేరు పాడవడం మొదలైంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, దాని భాగాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. ముందు గొంతు బొంగురుపోయింది. తర్వాత మధ్యమధ్య మూగబోవడం మొదలుపెట్టింది. అలా మూగబోయిన ఒక పూట నంద పెరట్లో బట్టలు ఆరేస్తూ తూముగట్టు మీద పడింది. కనుబొమ చీలిపోయింది. ఆసుపత్రిలో కుట్లు వేస్తుంటే హైమ దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను వరండాలో నిలబడి, నా చదువంతా ఏ గంగలో కలిసిందా అనుకున్నాను.

మర్నాటి నుంచి కాలేజీ ల్యాబులో క్లాసులయ్యాక కూర్చుని ఒక వారధి కట్టడం మొదలుపెట్టాను. మేరులో ఉన్న ఫైళ్ళు ఝరికి అర్థమయ్యేలా దాటించే వారధి. ఎవరూ అంతకుముందు చెయ్యలేదని కాదు. పాటలు, ఫొటోలు అందరూ దాటిస్తారు. ఒక పెట్టె తనంతట తాను నేర్చుకున్న విద్యను ఇంకో పెట్టెకి ఇవ్వడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

హైమ జిల్లా గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఒక ఆదివారం వంటింట్లో గోంగూర ఒలుస్తూ అడిగింది, "అసలు వాటి మధ్య తగువేంటండీ?"

"మేరు మనిషిని బట్టి దాచుకుంటుంది. నంద చప్పుళ్ళన్నీ ఒక చోట, నావి ఒక చోట. ఝరి రోజును బట్టి దాచుకుంటుంది. రోజు ముగిశాక అందులో సారం రాసుకుని మిగతాది ఊడ్చేస్తుంది."

"అంటే ఒకళ్ళు రచయిత పేరును బట్టి పుస్తకాలు సర్దారు, ఇంకొకళ్ళు వచ్చిన తేదీని బట్టి సర్దారు. పుస్తకాలు అవే కదా?"

"అవే. కానీ మేరు వాటిని తన సొంత లిపిలో తిరగరాసుకుంది. ఆ లిపి నాకూ రాదు."

"రెండు చోట్లా ఉన్న పుస్తకం ఒకటి పట్టుకోండి మరి. ఇక్కడ చదివిందే అక్కడ ఉంటుంది కదా, లిపి అదే తెలుస్తుంది," అని కాడలు తీసి పక్కన పడేసింది.

నేను గోంగూర వాసన వస్తున్న ఆ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. "చాల్లెండి సంబరం," అంది.

ఆ దారినే పోయాను. రెండు పెట్టెలూ అప్పటికప్పుడు విన్న ఒకే పాట, ఒకే వాన, ఒకే తలుపు చప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే మేరు లిపి కొంచెం కొంచెం విడివడింది. మొదటిసారి వారధి కలిపిన రోజున ఇల్లంతా తిరునాళ్ళే. ఝరి హైమకి కాఫీ వేళ గుర్తు చెయ్యబోయి నంద చిన్నప్పటి జోలపాట ఎత్తుకుంది. నాకు ఉదయం ఇడ్లీలకి బదులు సుదర్శనం గారి రాగిజావ మెనూ చదివింది. మేరు బొంగురు గొంతుతో "హైమ గారూ, వంటింట్లో దీపం వెయ్యనా?" అంది. మేరు ఆమెను పేరుతో పిలవడం అదే మొదలు. హైమ చాలాసేపు నవ్వింది.

కానీ అసలు విద్య దాటలేదు. దానికి రెండు పెట్టెలూ విన్న నంద మూర్ఛ చప్పుళ్ళే కావాలి. ఈ ఇంటికి వచ్చాక నందకి నాలుగైదుసార్లు మూర్ఛ వచ్చింది. మేరు దగ్గర ఆ చప్పుళ్ళు ఉన్నాయి. ఝరి దగ్గర ఉండవు, ఏ రోజుకా రోజు ఊడ్చేస్తుంది కాబట్టి. మళ్ళీ మూర్ఛలు వచ్చేదాకా ఆగుదామంటే, మేరు ప్రాణం ఆ వారమో పై వారమో అన్నట్టుంది.

చివరి ఆశగా ఝరి గోదాము తెరిచి చూశాను. ఊడ్చిన ఇల్లులా ఖాళీగా ఉంటుందనుకుంటే, లోపల కదలడానికి చోటు లేదు. మూడేళ్ళ కిందట ఒక తేదీ దగ్గర రోజుల వరస ఆగిపోయింది. ఆ తర్వాత రోజులే లేవు. ఆ ఒక్క రోజే మూడేళ్ళుగా ఉబ్బుతూ వచ్చింది. అందులో అన్నీ ఉన్నాయి. నా పెళ్ళి మేళం, నంద అడుగులు, అది పడిన చప్పుడు, దానికి ముందరి ఊపిరి. ఒక్కటీ ఊడ్చలేదు. ఆ ఫైలు మీద మాత్రం ఒక ముద్ర ఉంది. "వాడుకలో ఉంది. పంచడానికి వీలు లేదు."

ఆ సాయంత్రం గొంతు మళ్ళీ పలికింది. "సుదర్శనం గారు ఇంకా ఇల్లు చేరలేదు. గడియ వెయ్యడం లేదు." నా బుర్రలో అప్పుడు దీపం వెలిగింది. గడియ పడితే గాని ఝరికి రోజు ముగియదు. సుదర్శనం గారు వస్తే గాని గడియ పడదు. ఏడాదిగా నేను అతిథిగా మిగిలిపోయింది కూడా కొత్త రోజు రాకనే.

ఆ ముద్రను బలవంతంగా పగలగొట్టవచ్చు, కానీ ఫైలు చెడిపోతే అంతే సంగతులు. ఈ మాట హైమతో ఎలా ఎత్తాలో తెలియలేదు. అందుకని చదువుకున్నవాడు చెయ్యకూడని పని ఒకటి చేశాను. చెప్పుల స్టాండు కింది అరలో సుదర్శనం గారి తోలు చెప్పులు ఉన్నాయి. హైమ వాటిని నెలకోసారి తుడిచి పెడుతుంది. ఆవిడ లైబ్రరీకి, నంద బడికి వెళ్ళిన మధ్యాహ్నం ఆ చెప్పులు వేసుకున్నాను. ఆయన కుడికాలు కొంచెం ఈడ్చేవారని, గేటు దగ్గర ఒక దగ్గు దగ్గేవారని విని ఉన్నాను. గేటు తీసి, దగ్గి, కాలు ఈడుస్తూ లోపలికి నడిచాను.

"అతిథి గారూ," అంది ఝరి, "ఆ చెప్పులు మీవి కావు."

మళ్ళీ గేటు దాకా పోయి ఇంకొంచెం గట్టిగా దగ్గి, ఇంకొంచెం ఈడ్చాను.

"అతిథి గారూ, మీకు ఒంట్లో బాగోలేదా?"

మూడోసారి తిరిగేసరికి గేటు దగ్గర హైమ నిలబడి ఉంది. తలనొప్పిగా ఉందని సగం పూట సెలవు పెట్టి వచ్చిందట. నా కాళ్ళ వైపు చూసింది, నా మొహం చూసింది. నాకు భూమి రెండుగా చీలి తీసుకుపోతే బాగుండుననిపించింది.

"ఎడమకాలు ఈడుస్తున్నారు," అంది. "ఆయనది కుడికాలు."

అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి వరండా మెట్టు మీద కూలబడింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియలేదు. చెప్పులు విప్పి చేత పట్టుకుని ఆమె పక్కన కూర్చుని, ఉన్న సంగతంతా చెప్పాను.

"అది మా అత్తగారి కట్టడి," అంది హైమ చివరికి. "ఇంట్లోవాళ్ళు అందరూ చేరందే గడియ వెయ్యకూడదు. బయట ఉన్నవాళ్ళ మొహాన తలుపేసినట్టు అవుతుందనేవారు. ఝరిని కొన్న రోజునే ఆయన ఆ మాట దానికి నేర్పారు. గడియ పడ్డాకే రోజు ముగించమని. ఆవేళ పొద్దున్నే వెళ్ళారు. సామర్లకోట స్టేషన్లో గుండె ఆగిపోయింది."

"ఇంటికి తీసుకొచ్చారు కదా?"

"తీసుకొచ్చారు. నడిచి రాలేదుగా. దానికి అడుగుల చప్పుడే గుర్తు. ఇంటినిండా జనం, ఏడుపులు. దీపాల వేళకి అది 'సుదర్శనం గారు ఇంకా ఇల్లు చేరలేదు' అంది. మా చెల్లెలు నోరు మూయిస్తానని లేచింది. నేనే వద్దన్నాను. ఈ ఇంట్లో నాతోపాటు ఎదురుచూసేది ఇంకొకటి ఉందనిపించింది. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూనే..." కొంగుతో మొహం తుడుచుకుంది. "మిమ్మల్ని కష్టపెట్టాను. మీరు ఒక్కరోజు కూడా అదేంటని అడగలేదు."

"అడిగితే ఉప్మా పెట్టవని," అన్నాను. ఆమె నవ్వలేదు, కానీ భుజం మీద తల ఆనించింది.

యజమాని గొంతు చెబితే తప్ప ఝరి ఒకరి కోసం ఎదురుచూడడం మానదు. ఆ యజమాని హైమ. నేను చెప్పమని అడగలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. ఒక పక్క కూతురు, ఇంకో పక్క ఆమె మూడేళ్ళుగా దాచుకున్న ఆ ఒక్క మాట. రెండు రోజులు అలాగే గడిచాయి. మేరు పూటపూటా మూగబోతోంది. నందను కాలు కింద పెట్టనివ్వకుండా వెంట తిరుగుతున్నాను.

మూడోనాడు శనివారం. హైమ నందకి జడ వేస్తోంది. కనుబొమ మీద కుట్లు తీసిన చోట కొబ్బరినూనె రాస్తుంటే నంద అడిగింది, "హైమమ్మా, మేరు చచ్చిపోతే నాకు కూర్చోమని ఎవరు చెప్తారు?"

"ఝరి చెబుతుందిలే."

"అదెందుకు చెప్తుంది? దానికి నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్ని కదా."

పిల్ల ఏడుస్తూ అనలేదు. బడిలో టీచరు పేరు చెప్పినంత మామూలుగా అంది. హైమ చేతిలో జడ ఆగిపోయింది. రిబ్బను ముడి వేసి, పిల్లను నా దగ్గర కూర్చోబెట్టి, హాల్లో ఝరి పెట్టె ముందుకి వెళ్ళింది. పీట వేసుకుని దాని ఎదురుగా కూర్చుంది.

"ఝరీ, సుదర్శనం గారి కోసం చూడకు."

"ఆయన ఎప్పుడు వస్తారు?"

"రారు."

"ఆలస్యం అవుతుందా?"

హైమ కళ్ళు మూసుకుంది. నేను లేవబోతే చేత్తో వద్దని సైగ చేసింది. "ఆయన పోయారు ఝరీ. ఆ రోజే పోయారు. నేనే నీతో చెప్పలేదు."

ఝరి పెట్టె మీది దీపం మిణుకుమిణుకుమంది. యంత్రం లెక్కలు చూసుకుంటోందని నాకు తెలుసు. అయినా నందను దగ్గరికి లాక్కున్నాను.

"ఇంటివాళ్ళలోంచి ఆయన పేరు తీసెయ్యమంటారా?"

"పేరు ఉండనీ. ఎదురుచూడటం మాను, అంతే."

"సరే. మిగతా అందరూ ఇంట్లోనే ఉన్నారు. గడియ వెయ్యమంటారా?"

"వెయ్యి తల్లీ."

వీధి తలుపు గడియ టక్కుమని పడింది. పట్టపగలు, పాలవాడు కూడా రాని వేళ. ఆ చప్పుడు నేను ఆ ఇంట్లో వినడం అదే మొదలు. రోజూ రాత్రి మేం చేత్తో గొళ్ళెం పెట్టుకుని పడుకున్నవాళ్ళమే. హైమ రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నంద వెళ్ళి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఈ రోజు ముగిసింది," అంది ఝరి. ఫైలు మీద ముద్ర పోయింది.

ముగిసిన రోజును మర్నాటి గడియ దాకా ఝరి ఊడ్చదు. అంతవరకే నాకు వ్యవధి. రెండు పెట్టెలూ పక్కపక్కన బల్ల మీద పెట్టి వారధి కలిపాను. ఇటు మేరు విన్న నంద ఊపిరి, అటు ఝరి విన్న అదే ఊపిరి. ఇటు గ్లాసు చప్పుడు, అటు అదే గ్లాసు. వరసలు కలిసిన చోటల్లా మేరు సొంత లిపి విడిపోయి అర్థం బయటపడుతోంది. మేరు పెట్టె వేడెక్కి గుర్రుమంటుంటే హైమ విసనకర్రతో విసిరింది. నంద పూజగదిలోంచి పసుపు కుంకుమ తెచ్చి, ఆయుధపూజకి చేసినట్టు దానికి బొట్టు పెట్టింది. ఆ బొట్టుకి నేను మొక్కానో, మేరుకే మొక్కానో తెలియదు, మొక్కాను. నడి మధ్యలో అది ఒకసారి మూగబోయింది. నా ప్రాణాలు పైకి పోయి, అది మళ్ళీ గుర్రుమనగానే కిందికి వచ్చాయి.

పంపకం పూర్తయింది. సుదర్శనం గారి చివరి ఉదయం మాత్రం నేను వేరుగా తీసి, వినకుండానే హైమ చేతికి ఇచ్చాను. అది నేను వినాల్సింది కాదు. మేరు ఆ తర్వాత వారం కూడా నిలవలేదు. ఒక పొద్దున్న పిలిస్తే పలకలేదు. బొట్టుతోనే దాన్ని అలమరలో పెట్టాం.

ఇక మిగిలింది పరీక్ష. ఇది ఎలాంటి పరీక్షంటే, రాకూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి, వస్తే గాని తెలియదు. రెండు నెలలు అలా గడిచాయి. నంద వెనకే నీడలా తిరుగుతుంటే, "నాన్నా, నువ్వే నన్ను తోసి పడేస్తావు," అని విసుక్కునేది.

ఒక ఉదయం నంద బడికి తయారై స్టీలు గ్లాసుతో పాలు తాగుతోంది. నేను షూ లేసులు కడుతున్నాను. నాకు ఏ తేడా కనపడలేదు, వినపడలేదు.

"నందమ్మా, కూర్చో," అంది ఝరి.

గొంతు ఝరిది. మాట మేరుది. నంద నా వైపు కూడా చూడలేదు. గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. హైమ వంటింట్లోంచి పరుగున వచ్చి దాని తల కింద చెయ్యి పెట్టింది. తర్వాత మూర్ఛ వచ్చింది. వచ్చి, తన పని తాను చేసి, పోయింది. కాసేపటికి నంద కళ్ళు తెరిచి, "పాలు చల్లారిపోయాయా?" అంది. ఒంటి మీద గీత కూడా లేదు.

నేను పెరట్లోకి వెళ్ళి తూముగట్టు మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం వచ్చినా నాకు ముందు ఏడుపే వస్తుంది, ఏం చెయ్యను. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. దేవుడికి పెట్టాను. మేరుకి పెట్టాను. గుండె రాయి చేసుకుని ఆ మాట చెప్పిన హైమకి పెట్టాను. ఆఖరికి, ఒక్కసారి కూడా చూడని ఆ మనిషి దగ్గర ఆగిపోయాను. ఆయన ఆ సాయంత్రం నడిచి వచ్చి ఉంటే గడియ పడేది, రోజులు ముగిసేవి, నంద ఊపిరి చప్పుళ్ళు ఏ రోజుకా రోజు ఊడ్చుకుపోయేవి. అలాగని ఆయన రాలేదు కాబట్టి నా బిడ్డ బతికిందని సంతోషించడం మనిషి చెయ్యాల్సిన పని కాదు. ఆయన వచ్చి ఉంటే ఈ ఇంట్లో నేనే ఉండను. ఎటు తిప్పి చూసినా లెక్క తేలలేదు. ఆయన నేర్పి పోయిన కట్టడి, ఆయన రాకతో తీరాల్సిన ఎదురుచూపు, రెండూ కలిసి నా కూతుర్ని కాపాడాయి. ఆ రుణం ఏ జన్మకి తీరుతుంది?

ఆ సాయంత్రం హైమ దీపం పెట్టి వచ్చేసరికి నేను చెప్పుల స్టాండు దగ్గర ఉన్నాను. కింది అరలోంచి సుదర్శనం గారి తోలు చెప్పులు తీసి, గుడ్డతో తుడిచి, గడప దాటించి లోపల గోడవారగా పెట్టాను. హైమ చూసింది. వచ్చి, వాటిని తిన్నగా సర్దింది.

"హైమ గారు, పరాంకుశం గారు, నందమ్మ. అందరూ ఇల్లు చేరారు," అంది ఝరి. "గడియ వేస్తున్నాను."